గోడకి ఇవతల నుంచి వీడియో కాల్

ఆవిడ అసలు పేరు సర్టిఫికెట్లలో భద్రంగా ఉంది. పిలవడానికి మాత్రం అందరికీ ఆవిడ ఎందుకమ్మే. మూడేళ్ళప్పుడు మొదలుపెట్టిన "ఎందుకు?" ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఆగలేదు. ఆ పేరు మొదట పెట్టింది వాళ్ళ నాన్న. పెళ్ళయి కాపరానికొచ్చిన రెండో వారానికే అత్తగారు కూడా, ఎవరూ చెప్పకుండానే, అదే పేరుతో పిలవడం మొదలెట్టింది. పాలు పొంగిపోతుంటే గబుక్కున దించకుండా "నిన్నటికంటే ఇవాళ తొందరగా ఎందుకు పొంగాయి అత్తయ్యా?" అని అడిగే కోడల్ని ఇంకేమని పిలుస్తారు?

అదృష్టం బాగుండి ఆ గుణానికి తగ్గ ఉద్యోగమే దొరికింది. మాటలు సరిగ్గా రానివాళ్ళు, ఉన్నట్టుండి తమని తామే కొట్టుకునేవాళ్ళు, గడప దాటమంటే కేకలు పెట్టేవాళ్ళు, పిల్లలు కానీ పెద్దలు కానీ, ఆ పని ఎందుకు చేస్తున్నారో కనిపెట్టి, దాని బదులు ఇంకో దారి నేర్పించడం ఆవిడ పని. ప్రవర్తన నిపుణురాలు అంటారు. చంకలో సంచీ, సంచీలో నోటుబుక్కు, నోటుబుక్కులో ప్రతి పేజీకీ మూడు గళ్ళు. ముందు ఏం జరిగింది, ఏం చేశారు, తరవాత ఏం జరిగింది. ఇంటింటికీ తిరిగి ఆ గళ్ళు నింపుకోవడంలోనే ఆవిడకి పదకొండేళ్ళు గడిచిపోయాయి.

ఒక సోమవారం సెంటర్ డైరెక్టర్ గారు అందరికీ తలో కాగితం పంచారు. ఆయన మంచివాడే కానీ గళ్ళు లేని కాగితం చూస్తే ఆయనకి ఊపిరాడదు.

"ఉన్నది నలుగురం. చూడాల్సింది నలభై ఇళ్ళు. సగం రోజు బస్సుల్లోనే పోతోంది. ఇకనుంచి కొన్ని ఇళ్ళు వీడియోలో చూద్దాం. ఏ ఇల్లు వీడియో, ఏ ఇల్లు నేరుగా, ఎదురుగా టిక్కు పెట్టి వచ్చే నెలాఖరుకి ఇవ్వండి," అన్నారాయన.

ఎందుకమ్మ పది ఇళ్ళలో తొమ్మిదింటికి అక్కడికక్కడే టిక్కులు పెట్టేసింది. తలుపు తీసి ఉంటే చాలు రోడ్డు మీదికి పరిగెత్తే పాప ఉన్న ఇంటికి మనిషి వెళ్ళాల్సిందే. కూతుర్ని వేళకి నిద్రపుచ్చే పద్ధతి నేర్చుకుంటున్న తల్లికి ఫోన్ చాలు, పైపెచ్చు ఆవిడకి అదే హాయి. పదో ఇంటి దగ్గర పెన్ను ఆగిపోయింది. అది ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణం.

ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపరం. నడిపేది నలభై నాలుగేళ్ళ ఆడమనిషి. రోజంతా అద్దాలు కోస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆవిణ్ణి అద్దాలక్క అంటారు. అద్దాలక్కకి తోడు ఆవిడ చెల్లెలు చిట్టి. పేరుకి చిట్టే కానీ వయసు ఇరవై తొమ్మిది. మాటలు పది పదిహేను ఉన్నాయి, అవి కూడా మనసు కుదురుగా ఉన్నప్పుడే పైకొస్తాయి. ఫ్రేముల నమూనాకి కోసిన చెక్క మూలలు ఒక నూట ఇరవై దాకా ఉంటే, వాటిని వెడల్పు ప్రకారం ఒకసారి, రంగు ప్రకారం ఒకసారి బల్ల మీద పేర్చడం చిట్టి పని. ఒక్కటి తప్పినా ఒప్పుకోదు.

ఏడాది నుంచి చిట్టి ఉన్నట్టుండి రెండు చేతులతో తల బాదుకుంటోంది. ఎర్రగా కందిపోయేదాకా బాదుకుంటుంది. ఎందుకమ్మ మంగళవారం, శుక్రవారం పొద్దున పదింటికి వెళ్ళి, ఆరుసార్లు గంటేసి సేపు కూర్చుంది. ఆరుసార్లూ చిట్టి కుర్చీలో గోడకి తల ఆనించి, చెక్క ముక్కలు పేర్చుకుంటూ, మధ్యమధ్య వచ్చినావిడ గాజులకేసి చూస్తూ ఉండిపోయింది. నోటుబుక్కులో మూడు గళ్ళూ ఖాళీ.

"ఏం చెప్పమంటారు మేడంగారూ," అంది అద్దాలక్క తల పట్టుకుని. "మీరున్నంతసేపూ బంగారు బొమ్మ. మీరు వెళ్ళాక మధ్యాహ్నం ఇల్లు పీకి పందిరేస్తుంది. నేను అబద్ధాలు చెబుతున్నానని అనుకుంటారేమో అని సిగ్గుగా ఉంది."

"నేను ఉండటం వల్లే కనబడట్లేదేమో అక్కా," అంది ఎందుకమ్మ. "లేకుండా ఉండి చూద్దాం."

అలా మొదలయ్యాయి మధ్యాహ్నం వీడియో కాల్స్. అద్దాలక్క ఫోన్‌ని అలమరలో జిగురు డబ్బాకి ఆనించి, దుకాణానికి వచ్చేవాళ్ళు కనబడకుండా చిట్టి కుర్చీ ఒక్కటే కనబడేలా పెట్టేది. ఎందుకమ్మ ఇంట్లో పడకగది తలుపు గడియ వేసుకుని కూర్చునేది. ఒకరింటి సంగతులు ఇంకొకరి చెవిన పడకూడదని సెంటర్లో కట్టుబాటు. గడియ వేసిన తలుపు చూసి అత్తగారి మొహం మాడిపోయింది.

"నాకు చెవులే సరిగ్గా వినబడవు. నా మీద గడియ ఏంటమ్మా!"

"చెవులు వినబడకపోయినా కళ్ళు కనబడతాయి కదా అత్తయ్యా."

రెండో రోజే ఎందుకమ్మ చూడాల్సింది చూసింది. నాలుగు దాటి అయిదు నిమిషాలకి చిట్టి చేతులు ఆగిపోయాయి. భుజాలు బిగుసుకున్నాయి. తరవాత టపా టపా బాదుకోవడం మొదలైంది. ఎందుకమ్మ పెన్ను పట్టుకుని ముందుకి వంగింది. అప్పుడు చిట్టి మోచెయ్యి విసురుగా తగిలి, బల్ల అంచున పెట్టిన అద్దం పలక నేల మీద పడి భళ్ళుమంది.

"అక్కా, అద్దం! కాలు పెట్టనివ్వకండి!" ఎందుకమ్మ తెర మీదికి చెయ్యి చాపేసింది, అక్కడికేదో అందుతుందన్నట్టు. అద్దాలక్క పరిగెత్తుకొచ్చి చెల్లెల్ని ఎత్తినంత పనిచేసి లోపలికి తీసుకెళ్ళింది. ఎవరికీ ఏం కాలేదు. పదకొండేళ్ళలో ఎంతమంది చేతులు పట్టుకుని ఆపిందో లెక్క లేదు. ఈ రోజు మాత్రం కళ్ళప్పగించి చూడ్డం తప్ప ఏం చెయ్యలేకపోయింది. ఆ సాయంత్రం డైరెక్టర్ గారికి ఫోన్ చేసి మాట్లాడింది. ఇద్దరూ ఆలోచించి, కాల్ పెట్టే ముందు అద్దాలన్నీ వెనక గదిలోకి మార్చాలనీ, అద్దాలక్క చిట్టికి రెండడుగుల దూరంలోనే ఉండాలనీ, అలా కుదరకపోతే కాల్ లేదనీ తేల్చారు.

అద్దాలు మారాయి. కాల్స్ సాగాయి. అనుమానాలూ మొదలయ్యాయి. ఆ వేళకి అద్దాలక్క ఫ్రేము వెనక అట్టకి పిన్నులు కొడుతోంది కదా, ఆ చప్పుడేమో అని నాలుగు రోజులు పిన్నులు మానేశారు. తల బాదుకోవడం మానలేదు. కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతోందేమో అని పాత దుప్పటి వేలాడదీశారు. తేడా లేదు. ఆ వేళకి జనం వస్తారు కాబట్టి అక్క తనని పట్టించుకోవట్లేదని అలకేమో అని, అద్దాలక్క అరగంట సేపు పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది. చిట్టి కబుర్లు వింది, నాలుగూ అయిదుకి తల బాదుకుంది.

"నా బుర్ర పనిచేయడం మానేసింది మేడంగారూ," అంది అద్దాలక్క.

"నాది ఇంకా చేస్తూనే ఉంది. అదే ఇబ్బంది, రాత్రి కూడా ఆగట్లేదు," అంది ఎందుకమ్మ.

ఆ వారాంతంలో వాళ్ళింట్లో బట్టలు ఉతికే మెషిన్ తిరుగుతోంది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి దాని మూత మీద అరచెయ్యి ఆనించి, కాసేపు నిలబడి, "ఇంకా అవలేదు" అని వెళ్ళిపోయింది. ఎందుకమ్మ ఆ పని వందసార్లు చూసి ఉంటుంది. ఈసారి మాత్రం వెంటపడింది.

"అత్తయ్యా, అలా చెయ్యి ఎందుకు పెడతారు?"

"వచ్చింది ఎందుకమ్మ! మెషిన్ ఆగిందో లేదో నా చెవికి తెలీదు కదే. చేతికి తెలుస్తుంది. గుయ్యిమని లాగుతుంది."

ఎందుకమ్మ కూడా వెళ్ళి చెయ్యి పెట్టి చూసింది. మణికట్టు దాకా జిల్లుమంది. ఫోన్‌లో బొమ్మ వస్తుంది, చప్పుడు వస్తుంది. ఇది రాదు. వాసన రాదు, వేడి రాదు, ఇది కూడా రాదు.

సోమవారం మధ్యాహ్నం మూడున్నరకల్లా రెండు బస్సులు మారి ఆ వీధిలో దిగింది. దుకాణంలోకి వెళితే చిట్టి తనకేసే చూస్తూ కూర్చుంటుంది. అందుకని బయట, చిట్టి కుర్చీ ఉన్న గోడ పక్కనే నిలబడి, గోడకి వీపు ఆనించింది. దారిన పోయేవాళ్ళు వింతగా చూశారు. నాలుగు దాటి అయిదు నిమిషాలకి వీపులో గుయ్యిమని మొదలైంది. తల ఆనించింది. పళ్ళు జివ్వుమన్నాయి. లోపలినుంచి టపా టపా వినబడింది.

గోడకి అటువైపున్నది రొట్టెల దుకాణం. యజమాని నున్నటి గుండు ఉన్నాయన, ఒళ్ళంతా పిండి. సాయంత్రం రొట్టెలకి నాలుగింటికి పిండి కలిపే మెషిన్ వేస్తాడట. అది ఎప్పుడు కొన్నారని అడిగితే, "ఏడాదైంది. పాతదానికి రెండింతలు ఉంటుంది. ఎందుకండీ?" అన్నాడు.

ఎందుకమ్మ ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినడం అరుదు. ఆవిడకి నవ్వాగలేదు.

అద్దాలక్కకి చెబితే నమ్మలేదు. ఆవిణ్ణే చిట్టి కుర్చీలో కూర్చోబెట్టి గోడకి తల ఆనించమంటే, ఆనించి, అర నిమిషంలో లేచిపోయింది. "ఏడాది నుంచి ఇదా!" అని చెల్లెలి తల నిమురుతూ నిలబడిపోయింది. తన బల్ల గదికి అటు చివర. అక్కడికి ఆ అదురు చేరేదే కాదు, చిట్టి పక్కన ఉన్నప్పుడు కూడా తను ఎప్పుడూ గోడకి ఆనుకోలేదు.

కుర్చీ ఎదుటి గోడకి మార్చారు. రొట్టెలాయన మొహమాటపడి మెషిన్ కింద రబ్బరు ముక్కలు వేయించాడు. వారానికి పన్నెండుసార్లు తల బాదుకునేది కాస్తా మూడుకి దిగింది. అయినా ప్రపంచంలో గోడలు అదురుతూనే ఉంటాయి, బస్సు కూడా అదురుతుంది. అందుకని చిట్టికి ఇంకో దారి నేర్పాలి. అరచెయ్యి బొమ్మ వేసిన అట్టముక్క ఒకటి, ఒంటికి ఏదైనా గిట్టకపోతే అక్కకి ఇవ్వాలి. ఇచ్చిన మరుక్షణం అక్క అక్కడినుంచి లేపి తీసుకెళ్ళాలి.

ఇది మాత్రం వీడియోలోనే బాగా కుదిరింది. ఎందుకమ్మ ఎదురుగా ఉంటే అద్దాలక్క ఎప్పుడూ ఓ అడుగు వెనక్కి తగ్గి, "మీరే చేయండి మేడంగారూ" అనేది. ఫోన్‌లో ఉన్నావిడ చేతులు రావు కదా, తనే చెయ్యాలి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, "ఇప్పుడు ఆగండి అక్కా... అట్ట మీదికి చెయ్యి వెళుతోంది... తొందరపెట్టకండి... ఆఁ, ఇచ్చింది, లేవండి!" అని ఎందుకమ్మ చెబుతుంటే చేస్తూ, మూడు వారాల్లో అద్దాలక్క ఆరితేరిపోయింది. ఆఖరికి ఎందుకమ్మ నోరు తెరిచేలోపే చేసేస్తోంది.

నెలాఖరొచ్చింది. కాగితం మీద పదో గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"ఇంకేం ఆలోచన? వీడియో టిక్కు పెట్టేయండి," అన్నారు డైరెక్టర్ గారు.

"మీరు రండి మేడంగారూ," అంది అద్దాలక్క. "ఫోన్‌లో మీరు కనబడతారు కానీ మనిషొచ్చినట్టుండదు. మీరు మా గుమ్మంలో కాలు పెడితే నాకు కొండంత ధైర్యం."

ఎందుకమ్మ ఇద్దరి మాటా విని, బస్సులో కూర్చుని నోటుబుక్కు తెరిచి, అసలు మనిషినే ఎవరూ అడగలేదని గ్రహించింది. తను కూడా అడగలేదు. మాటల్లో అడిగితే చిట్టి జవాబు చెప్పదు. మరి ఎలా అడగాలి?

రెండు కార్డులు చేసింది. ఒకదాని మీద ఫోన్ తెరలో ఎందుకమ్మ మొహం. ఇంకోదాని మీద సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డ ఎందుకమ్మ. పదింటికి అద్దాలక్క రెండూ చిట్టి ముందు పెట్టాలి. చిట్టి ఏది తాకితే ఆ రోజు అదే. కుడి చేతివైపుది తాకడం అలవాటేమో అని రోజూ చోటు మార్చాలి. తాకిన వెంటనే అది జరగాలి, లేకపోతే తాకడానికి అర్థం ఉండదు. అంటే చిట్టి గుమ్మం కార్డు తాకితే రెండు నిమిషాల్లో గుమ్మంలో ఉండాలి. అందుకని డైరెక్టర్ గారిని బతిమాలి మూడు వారాల గడువు తీసుకుని, రోజూ రెండు బస్సులు మారి వచ్చి రొట్టెల దుకాణం వెనక సరుకుల గదిలో కూర్చునేది.

మొదటి రోజు అద్దాలక్క ఫోన్ చేసింది. "మేడంగారూ, ఫోన్ కార్డు తాకిందండీ."

ఎందుకమ్మ గది తలుపు వేసుకుని, పిండి బస్తాల మధ్య ఫోన్ నిలబెట్టుకుని, చిట్టికి చెయ్యూపి, పావుగంట కాల్ మాట్లాడింది. ఆవిడ తలుపు తీశాక రొట్టెలాయన ముక్కున వేలేసుకున్నాడు.

"ఆ అమ్మాయి గోడకి అటువైపే ఉంది కదండీ. నాలుగడుగులు వేస్తే సరిపోదూ?"

"ఈ రోజు నన్ను ఫోన్‌లోనే రమ్మందండీ."

"అందుకని రెండు బస్సులెక్కి వచ్చి ఇక్కణ్ణించి ఫోన్ చేశారా?"

"అవునండీ."

ఆయన లోపలికెళ్ళి వేడి రొట్టె ఒకటి పొట్లం కట్టి తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే చేసేలాంటి మర్యాద అది.

మొదటి పది రోజుల్లో తొమ్మిది రోజులు ఫోన్ కార్డే. అద్దాలక్క నొచ్చుకుంది. "మీరు మనసులో పెట్టుకోకండి, దానికి తెలీదు," అంది. ఎందుకమ్మ పైకి నవ్వింది కానీ లోపల చివుక్కుమంది. ఎంతైనా మనిషి కదా. ఇంటికొచ్చాక కూడా మొహం వేలాడేసుకుని ఉంటే అత్తగారు గమనించి ఏమైందంది.

"నేను ఎదురుగా ఉండటం కంటే ఫోన్‌లో ఉండటమే బాగుంటుందట ఒకరికి. ఎందుకంటారు?"

"బాగుండదా మరి! మా అక్క ఫోన్ చేస్తే విసుగొచ్చినప్పుడు పెట్టేస్తాను. ఇంటికొస్తే సాయంత్రం దాకా కదలదు," అంది అత్తగారు, పని ఆపకుండానే.

ఎందుకమ్మ నోటుబుక్కు తీసి పాత పేజీలు తిరగేసింది. ఫోన్ రోజుల్లో కాల్ పద్నాలుగు నిమిషాలు, పదకొండు నిమిషాలు, ఇరవై, తొమ్మిది. ప్రతిసారీ చివర ఒకటే మాట రాసి ఉంది. చిట్టి కాల్ ఆపే ఎర్ర బొత్తం నొక్కింది. తను వెళ్ళిన ప్రతి రోజూ మాత్రం సరిగ్గా గంట. గంటయ్యాక వాచీ చూసుకుని లేచింది తను. చిట్టికి చాలనిపించినా తనని ఆపే బొత్తం ఆ గదిలో ఎక్కడా లేదు.

మర్నాటి నుంచి మూడు రోజులు కార్డులు పక్కన పెట్టించింది. మొదటి రోజు గుమ్మంలోకి వెళ్ళి, సంచీని తలుపు పక్క కొక్కేనికి తగిలించి, చిట్టి చెయ్యి పట్టుకుని ఆ సంచీ తీయించి, తన చేతిలో పెట్టించుకుని, వెంటనే బయటికెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి తగిలించింది. మూడుసార్లు అలా చేశాక చిట్టికి కిటుకు తెలిసిపోయింది. ఆ రోజు అసలు పని మొదలుపెట్టిన నాలుగో నిమిషంలో చిట్టి లేచి, సంచీ తెచ్చి చేతిలో పెట్టింది. ఎందుకమ్మ అద్దాలక్కకి చెబుతున్న మాట సగంలో ఆపేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నాలుగు నిమిషాల కోసం నాలుగు బస్సులు. ఆ తరవాత తొమ్మిది నిమిషాలు. తరవాత ఇరవై రెండు. వెళ్ళమన్నప్పుడల్లా మారు మాట్లాడకుండా వెళ్ళే చుట్టం దొరికాక, చిట్టి వేలు అప్పుడప్పుడూ గుమ్మం కార్డు మీదికి వెళ్ళడం మొదలెట్టింది.

ఒకరోజు ఎవరో పెద్దావిడ వచ్చి, మనవరాలి ఫోటోకి నల్ల ఫ్రేమని ఒకసారి, కాదు గోధుమ రంగని ఒకసారి, మళ్ళీ నల్లదే బాగుందని ఒకసారి ముప్పావుగంట తేల్చకుండా నిలబడింది. చిట్టి లేచి వెళ్ళి, మూలన పెట్టిన ఆవిడ గొడుగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. అద్దాలక్కకి నవ్వాపుకోలేక ప్రాణం మీదికొచ్చింది. పెద్దావిడ నల్ల ఫ్రేము ఖాయం చేసింది.

డైరెక్టర్ గారి కాగితంలో పదో ఇంటి ఎదురుగా ఎందుకమ్మ రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టి, పక్కన "ఏ రోజుకారోజు చిట్టి చెబుతుంది" అని రాసింది.

"ఇలాంటి గడి లేదు కదమ్మా," అన్నారాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "రోజూ మీరు పిండి బస్తాల మధ్య కూర్చుంటే మిగతా తొమ్మిది ఇళ్ళ సంగతేంటి?"

ఆ మాటా నిజమే. గంటసేపు వాదించుకుని ఒక దారికొచ్చారు. మంగళవారాలు ఎలాగూ ఎందుకమ్మకి ఆ పక్క వీధిలో ఇంకో ఇల్లుంది కాబట్టి, ఆ రోజు చిట్టి ఇష్టం. శుక్రవారం వీడియోనే, కానీ ఎర్ర బొత్తం చిట్టి చేతిలో. చిట్టికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చామని ఎందుకమ్మ అనుకోలేదు. నిన్నటికంటే ఎక్కువ అని మాత్రం అనుకుంది. అద్దాలక్క కొండంత ధైర్యం సంగతి కూడా మరిచిపోకుండా, నెలకోసారి ఆవిడ కోసమే వచ్చి కూర్చుంటానని ఒప్పుకుంది. ఆ గంటలో చిట్టి ప్రసక్తే ఉండదు, ఇద్దరూ వెనక గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

ఆరు నెలలు గడిచాయి. చిట్టి తల బాదుకోవడం నెలకి ఒకటి రెండుసార్లకి వచ్చింది. అరచెయ్యి అట్ట నలిగిపోయి కొత్తది చేశారు. మంగళవారాల్లో సగం ఫోన్, సగం గుమ్మం. వాన పడే రోజు ఎప్పుడూ గుమ్మం కార్డే. అది ఎందుకో ఎందుకమ్మ ఇంకా కనిపెట్టలేదు. తడిసిన ఎందుకమ్మ చూడ్డానికి బాగుంటుందేమో అని అద్దాలక్క అంటుంది.

మొన్న మంగళవారం పదింటికి రొట్టెల దుకాణంలో కూర్చుని ఉండగా ఫోనొచ్చింది.

"మేడంగారూ, రెండు కార్డులూ పక్కకి తోసేసిందండీ. మళ్ళీ పెట్టా. మళ్ళీ తోసేసింది. కోపమొచ్చిందంటారా?"

"మొహం ఎలా ఉంది అక్కా?"

"మామూలుగానే ఉందండీ. ఎవరో కుర్రజంట పెళ్ళి ఫోటో తెచ్చారు. వాళ్ళ ముందు చెక్క మూలలు ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూపిస్తోంది. నన్ను కూడా దగ్గరికి రానివ్వట్లేదు."

"అయితే ఆవిడ పనిలో ఉన్నారక్కా. మనల్ని ఇవాళ రావద్దంటున్నారు. కార్డులు తీసేయండి," అంది ఎందుకమ్మ.

ఫోన్ పెట్టేసి, రొట్టెలాయన పొట్లం కట్టిచ్చిన రొట్టె సంచీలో వేసుకుని, పక్క వీధిలో ఇంటికి ముప్పావుగంట ముందే బయల్దేరింది. నడుస్తూ మధ్యలో ఆగి, నోటుబుక్కు తీసి గోడకి ఆనించి, ఆ రోజు తేదీ కింద రాసుకుంది. రెండూ వద్దంది. కాసేపు దాన్ని చూసుకుని, బాగానే ఉందనుకుని, నోటుబుక్కు మూసి నడిచింది.